నిండుసున్న

28 రోజులకోసారి మా నాన్న ఫోనుకి రీచార్జ్ చేసేదాన్ని. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. ఫోను చెన్నై పెరంబూరులో అమ్మ బీరువాలో, నాన్న చేతిరుమాల్లో చుట్టి ఉండేది. గడువు దగ్గరపడుతోందని యాప్ గుర్తు చెయ్యగానే నాకు టెన్షన్ మొదలయ్యేది. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉన్నా సరే, టేబుల్ కింద ఫోను పెట్టుకుని డబ్బు కట్టేసి అప్పుడు ఊపిరి తీసుకునేదాన్ని. అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఫోను ఛార్జింగ్ పెట్టి, ఆన్ చేసి, నా నంబరుకి ఒక మిస్డ్ కాల్ ఇచ్చుకునేదాన్ని. నంబరు వాడకంలో ఉండాలి కదా అని నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు సంగతి, నా స్క్రీన్ మీద 'నాన్న' అని రావడం చూడాలి.

కట్టకుండా వదిలేస్తే కొన్నాళ్లకి నంబరు రద్దవుతుంది. ఆ తర్వాత కనీసం 90 రోజులు ఆగి దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆ 'ఇంకెవరికో' దగ్గర నా ఆలోచన ఆగిపోయేది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ నంబరుతో పిజ్జా ఆర్డర్ చేస్తారు, బ్యాంకులో ఇస్తారు. నాన్నది కదా అది!

నాన్న పెద్దకర్మ రోజున వరసకు బాబాయి అయ్యే ఒకాయన నా పక్కన కూర్చున్నారు. శ్మశానం పనులన్నీ భుజాన వేసుకుని నడిపించిన మనిషి, ఆయన మంచితనం మీద నాకే అనుమానమూ లేదు. నా ఏడుపు చూడలేక అన్నారు: "ఎందుకమ్మా అంత కుమిలిపోతావు? బుద్ధుడేం చెప్పాడు? అంతా శూన్యం. మమకారం తెంచుకుంటే బాధే ఉండదు."

ఆ మాట నన్ను చాలా కాలం పట్టుకుంది. బాధపడుతున్నానంటే నాలోనే ఏదో లోపం ఉందన్నమాట అనుకున్నాను. మరీ ఎక్కువ ప్రేమించాను, దానికిది శిక్ష అనుకున్నాను. ధ్యానం క్లాసులకి వెళ్లాను. అక్కడా 'డిటాచ్ అవండి' అన్నారు. రాత్రి పడుకునే ముందు నాన్నని తలుచుకోకుండా ఉండడం అభ్యాసం చేశాను. కొన్ని వారాలు అది పని చేసినట్టే కనిపించింది. ఆ వారాల్లో అమ్మతో కూడా సరిగ్గా మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఇది: దుఃఖంలో ఉన్న మనిషితో 'అంతా శూన్యం, వదిలెయ్' అనడం బౌద్ధం పేరుతో బౌద్ధాన్ని తలకిందులు చెయ్యడమే. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను.

నాన్న తెలుగు మాస్టారు. ఉత్తర చెన్నైలో ఒక స్కూల్లో 31 ఏళ్లు తెలుగు చెప్పారు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, ఒక్కో ఏడూ ఒక్కో తరగతిలో తెలుగు పిల్లలు తగ్గుతూ వచ్చారు. రిటైరయ్యేనాటికి ఆయన క్లాసులో పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత ఆదివారాలు మా వరండాలో చాప పరిచి చుట్టుపక్కల పిల్లలకి ఊరికే చెప్పేవారు. గుణింతాలు అయిపోయాక ఆయనకి బాగా ఇష్టమైన పాఠం ఒకటి వచ్చేది.

బోర్డు మీద ఒక సున్న చుట్టి "చదవండర్రా" అనేవారు. పిల్లలు మొహాలు చూసుకునేవాళ్లు. అప్పుడు దాని ముందో అక్షరం, వెనకో అక్షరం చేర్చేవారు. గంగ. "నాలుక వెనక భాగం ఎక్కడ తగిలింది?" పంచె. "ఇప్పుడు?" పంట అన్నప్పుడు నాలుక మడత పడుతుంది, పంది అన్నప్పుడు పళ్ల దగ్గరికి పోతుంది. పంపు దగ్గరికి వచ్చేసరికి పెదాల మీద వేలు పెట్టుకోమనేవారు. పెదాలు మూసుకోవడం పిల్లలకి వేలికి తెలిసేది. ఆ క్షణంలో వాళ్ల కళ్లు పెద్దవయ్యేవి. "చూశారా, చుట్టిన సున్న ఒకటే, పలికిన తీరు అయిదు. దానికంటూ సొంత గొంతు లేదు. పక్కన ఎవరొస్తే వాళ్లని బట్టి పలుకుతుంది. అందుకే ఇన్ని మాటల్లో ఇమిడింది. దాని పేరేమిటి? నిండుసున్న!"

సున్న నిండుగా ఉండడం ఏమిటని ఎవరూ అడిగేవాళ్లు కాదు. మనం పుట్టినప్పటినుంచీ వింటున్న మాట కాబట్టి నాకూ తట్టలేదు. సంస్కృతంలో శూన్యం, పాళీలో సుఞ్ఞ, మన నోట్లో సున్న. మూడూ ఒకటే మాట. శూన్యత గురించి రాసిన బౌద్ధ తాత్వికుడు నాగార్జునుణ్ణి నాన్న చదివినట్టు నాకు తెలియదు. కానీ ఆ వరండాలో ఆయన చెప్పినంత తేలిగ్గా శూన్యతని ఇంకెవరూ నాకు చెప్పలేదు.

నాగార్జునుడి గురించి చెప్పకుండా ముందుకి పోలేను, అందులోనూ తెలుగువాళ్లతో మాట్లాడుతున్నప్పుడు. ఆయన సుమారు క్రీస్తుశకం 2వ శతాబ్దం వాడని పండితుల అంచనా. కృష్ణ ఒడ్డున శ్రీపర్వతం మీద ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కొండకి ఆయన పేరే నిలిచింది, నాగార్జునకొండ. 1955లో సాగర్ డ్యామ్‌కి పునాదిరాయి వేశారు. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో దొరికినవాటిని వీలైనంతవరకు పైకి తెచ్చారు. లోయ నీళ్లకిందికి పోయింది, కొండ కొస దీవి అయింది. ఆయన ఒక శాతవాహన రాజుకి రాసిన ఉత్తరం 'సుహృల్లేఖ' సంస్కృత మూలం మనకి మిగల్లేదు. టిబెట్, చైనా అనువాదాల్లో బతికింది.

ఆయన ముఖ్యగ్రంథం మూలమధ్యమకకారిక, 27 ప్రకరణాలు. అందులో ఆయన కాదన్నది వస్తువుల్ని కానే కాదు, వాటి 'స్వభావాన్ని'. మనం రోజూ అనే స్వభావం, అంటే 'ఆమెది మెత్తని స్వభావం' అన్నప్పటిది, ఇక్కడ వేరు. ఇంకేదాని మీదా ఆధారపడకుండా, తనంతట తానుగా, ఎప్పటికీ మారకుండా నిలిచే గుణాన్ని ఆయన స్వభావం అన్నాడు. అలాంటిది వెతికితే ఎక్కడా దొరకదు. అది లేకపోవడమే శూన్యత. 24వ ప్రకరణంలో సూటిగా చెప్పేశాడు: ఒకదాన్ని ఆనుకుని ఒకటి పుట్టడాన్నే మేము శూన్యత అంటాం. పక్క అక్షరాన్ని ఆనుకుని పలికే సున్న నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది ఇక్కడే.

అదే ప్రకరణం మొదట్లో ఎదుటిపక్షం వాడు లేచి మా బాబాయి మాటనే ఆక్షేపణగా పెడతాడు: అన్నీ శూన్యమైతే ఇక పుట్టేదీ గిట్టేదీ ఏమీ లేదు, నాలుగు ఆర్యసత్యాలూ లేవు, మంచీ చెడూ లేవు, అంతా నాశనం చేశావు కదా! నాగార్జునుడు జవాబిస్తాడు: శూన్యత కుదిరినవాడికే అన్నీ కుదురుతాయి, అది కుదరనివాడికి ఏదీ కుదరదు. వస్తువులకి మారని స్వభావమే ఉంటే రోగి కోలుకోలేడు, రానివాడు నేర్చుకోలేడు, దుఃఖం ఎప్పటికీ పోదు. మరో ప్రకరణంలో పాలూ పెరుగూ లెక్క తీస్తాడు. పాలే పెరుగు అయితే తోడుపెట్టక ముందే పెరుగు ఉండాలి. పాలు కానిది పెరుగైతే, నీళ్లు తోడుకోవాలి. రాత్రి గిన్నెలో పాలు పోసి చెంచాడు మజ్జిగ కలిపేటప్పుడు ఇప్పటికీ నాకు ఈ వాదం గుర్తొస్తుంది. పాలలో పట్టుదలగా 'పాలతనం' కూర్చుని లేదు గనకే పొద్దున మనకి పెరుగుంది.

అంటే శూన్యం అన్నది 'ఏమీ లేదు' అన్న మాటకి పూర్తిగా ఎదురు. ఈ పొరపాటు వస్తుందని వాళ్లకి ముందే తెలుసు. తప్పుగా పట్టుకున్న శూన్యత మందబుద్ధిని నాశనం చేస్తుంది, తప్పుగా పట్టుకున్న పాములాగా, అని నాగార్జునుడే హెచ్చరించాడు. ఆ పాము పోలిక ఆయనకంటే ముందుది. బుద్ధుడు ధర్మాన్ని గురించే అన్నాడు: పాముని తోక దగ్గర పట్టుకుంటే తిరిగి కాటేస్తుంది. నాగార్జునుడికి వ్యాఖ్యానం రాసిన చంద్రకీర్తి ఇంకో చిన్న కథ చెప్పాడు. కొట్టుకి వచ్చినవాడితో వర్తకుడు "నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదయ్యా" అంటాడు. వచ్చినవాడు "అయితే ఆ ఏమీలేదు అనే సరుకే ఇవ్వు" అంటాడు. శూన్యాన్నే ఒక వస్తువు చేసి జేబులో వేసుకున్నవాడికి ఇక మందు లేదు. నేను కొన్ని వారాలు అలాగే బతికాను.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. ఇది రాయడం కష్టం.

నాన్నకి పక్షవాతం వచ్చింది. మొదటి దెబ్బకే మాట పోయింది. 31 ఏళ్లు పలుకు నేర్పిన మనిషికి పలుకు పోయింది. కుడిచెయ్యి పడిపోయింది, అంటే దస్తూరీ కూడా పోయింది. ఆయన దస్తూరీ ఎంత బాగుండేదో, పెళ్లి శుభలేఖల కవర్ల మీద అడ్రసులు రాయించుకోవడానికి వీధివాళ్లంతా వచ్చేవాళ్లు. అయిదు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. మూడో వారానికి మమ్మల్ని గుర్తుపడుతున్నారో లేదో తెలియని రోజులు వచ్చాయి. నేను ఆయన పక్కన కూర్చుని ఒక్కోటీ లెక్కపెట్టుకునేదాన్ని. గొంతు నాన్న అనుకుంటే, గొంతు లేదు. ఆ అక్షరాలు నాన్న అనుకుంటే, అవీ లేవు. జ్ఞాపకం? తెలియదు. మరి ఈ మంచం మీద ఎవరున్నారు?

పాత బౌద్ధకథలో మిలిందుడనే గ్రీకు రాజుకి నాగసేనుడనే భిక్షువు రథం గురించి చెప్పింది ఇదే. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదు. అయినా రాజు వచ్చింది రథం మీదే. ఆ వాదాన్ని కాలేజీలో చదివినప్పుడు మాటల గారడీ అనిపించింది. ఆసుపత్రిలో అది మాటలుగా లేదు. ఒక సాయంత్రం ఆయన ఎడమచేతిలో నా వేలు పెట్టి ఊరికే "పంపు" అన్నాను. ఆయన పెదాలు మూసుకున్నాయి. శబ్దం రాలేదు. పెదాలు మాత్రం, సున్న దగ్గర ఎక్కడ మూసుకోవాలో అక్కడ మూసుకున్నాయి. నాన్న అని వేలు పెట్టి చూపించగలిగింది ఆ శరీరంలో ఎక్కడా లేదు. అయినా ఆ గదిలో నాన్న ఉన్నారు. నాకూ ఆయనకీ మధ్య, ఆయనకీ ఆ అక్షరానికీ మధ్య, ఆ పూట ఉన్నారు. శూన్యత అంటే ఏమిటో నాకు తెలిసిందని చెప్పుకోగలిగింది ఆ ఒక్క సాయంత్రమే. అది నన్ను నాన్నకి దూరం చెయ్యలేదు. అంత దగ్గరగా నేనెప్పుడూ లేను.

అందుకే వదలడం అనే మాటని జాగ్రత్తగా చూడాలంటాను. మన తెలుగులో ఇక్కడో చిక్కుంది. మమకారం. ఎంత తియ్యని మాట! 'ఆవిడకి పిల్లలంటే మమకారం' అంటే మనకి ప్రేమే వినిపిస్తుంది. మాటని విడదీస్తే మమ, కారం. 'నాది' అనడం, నాది చేసుకోవడం. నాగార్జునుడు అహంకార మమకారాలు సద్దుమణగాలన్నప్పుడు ఆయన ఉద్దేశం ఈ రెండోది. ప్రేమకి బౌద్ధంలో వేరే మాటలున్నాయి: మైత్రి, కరుణ, ముదిత. వాటిని తెంచుకోమని ఎవరూ అనలేదు, హద్దుల్లేకుండా పెంచమన్నారు. మన భాషలో ఒకే మాట రెండు పనులు చెయ్యడంతో, 'నాది' వదలమన్న సలహా ప్రేమని వదలమన్నట్టు చెవిలో పడుతోంది. పెద్దకర్మ రోజున నా చెవిలో పడింది అదే.

నాలో ఉన్న 'మమ' ఏదో నాకు ఎప్పుడు కనిపించిందో చెబుతాను. మొదటి సంవత్సరీకానికి నాన్న పాత విద్యార్థి ఒకతను వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఆటో నడుపుతాడు. ఫోటో ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పదో తరగతి పరీక్ష ఫీజు నాన్నే కట్టారట, ఎవరికీ చెప్పొద్దన్నారట. నాకా సంగతి తెలియదు. వినగానే గర్వం రావాలి. రాలేదు. కోపం వచ్చింది. మా నాన్న గురించి నాకు తెలియనిది ఇతనికి ఎలా తెలుసు, ఇతనికెందుకింత ఏడుపు అనిపించింది. ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. నేను నాన్నని ప్రేమించడం ఒకటి. నాన్న నా ఆస్తి అనుకోవడం ఇంకొకటి. ఇవి ఒకదానిలో ఒకటి ఎంతగా కలిసిపోయి ఉన్నాయంటే, ఆ ఆటో మనిషి వచ్చి ఏడ్చేదాకా నాకు విడిగా కనిపించలేదు. నంబరు 'ఇంకెవరికో' పోతుందన్న భయమూ ఆ కోపమూ ఒకే చోటునుంచి వచ్చాయి.

పాళీలో ఈ పట్టుకోవడాన్ని ఉపాదానం అంటారు. ఆ మాటకి కట్టెలు, వంటచెరకు అని కూడా అర్థం. మంట కట్టెని పట్టుకుని బతుకుతుంది. కట్టె వెయ్యడం మానేస్తే మంట ఆరుతుంది, పొయ్యి మాత్రం అక్కడే ఉంటుంది, రేపు మళ్లీ అన్నం వండుకోవచ్చు. (ఈ పొయ్యి నేను చేర్చిందే, సుత్తాల్లో, అంటే బుద్ధుడి ప్రవచనాల్లో, లేదు.)

మమకారం లేకపోతే రాత్రుళ్లు మేలుకుని ఎవరు చూస్తారు అని మా అమ్మే అడిగింది. న్యాయమైన ప్రశ్న. నాకు ఆ ఆసుపత్రిలో పనిచేసిన ఆయా గుర్తొచ్చింది. తమిళావిడ. నాన్నని 'అయ్యా' అని పిలిచి, అనుమతి అడిగి మరీ పక్కకి తిప్పేది, పుండ్లు పడకుండా. మేము బయటికెళ్లినప్పుడు కూడా అలాగే చేసేదని పక్క మంచం వాళ్లు చెప్పారు. ఆయన ఆవిడకేమీ కాడు. 'నాది' లేకుండా చెయ్యి ఎంత మెత్తగా ఉండగలదో నేను చూసింది ఆవిడ దగ్గర. బుద్ధుడి జీవితంలోనూ ఒక ఘట్టం ఉంది. కడుపు జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఎవరూ దగ్గరికి రారు, ఎందుకంటే అతనివల్ల మిగతా భిక్షువులకి ఏ ఉపయోగమూ లేదు. బుద్ధుడు నీళ్లు పోస్తాడు, ఆనందుడు కడుగుతాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెడతారు. తర్వాత అందర్నీ పిలిచి అంటాడు: మీకు చూసుకోవడానికి తల్లిలేదు, తండ్రిలేడు. ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు? నన్ను సేవించాలనుకునేవాడు రోగిని సేవించాలి. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు!

ఇంకోటి కూడా గట్టిగా చెప్పాలి. వదులుకోమని ఎవరు ఎవరితో అంటున్నారో చూడాలి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆస్తి పంపకాలప్పుడు ఆడపిల్లతో "అంతా శూన్యమే కదమ్మా, సంతకం పెట్టెయ్" అన్నారు. అన్నవాళ్లు మాత్రం గజం కూడా వదులుకోలేదు. వేదాంతాన్ని ఇలా వాడడం అన్యాయం. ఈ మద్రాసులోనే బౌద్ధం దీనికి పూర్తిగా వేరే దారిలో నడిచింది. 1898లో అయోతీదాస్ పండితర్ ఇక్కడ శాక్య బౌద్ధసంఘం పెట్టింది అణిచివేతకు గురైనవాళ్ల గౌరవం కోసం. పోకల లక్ష్మీనరసు 1907లో బౌద్ధసారం మీద ఇంగ్లీషులో పుస్తకం రాస్తే, 1948లో దాని మూడో ముద్రణకి అంబేద్కర్ ముందుమాట రాశారు. వీళ్లెవరూ దెబ్బతిన్నవాళ్లని నోరుమూసుకోమనడానికి బుద్ధుణ్ణి తలుచుకోలేదు.

నాకు మింగుడుపడనివి లేవని కాదు. మనవరాలు చనిపోయి తడిబట్టలతో వచ్చిన విశాఖ అనే శిష్యురాలితో బుద్ధుడు, ప్రియమైనవాళ్లు నూరుమంది ఉన్నవాళ్లకి నూరు దుఃఖాలు అంటాడు. ఆ లెక్క నిజమే. కానీ ఆ తడిబట్టల మనిషితో ఆ క్షణంలో అనాల్సిన మాటేనా అని నేను ఇప్పటికీ అక్కడ ఆగిపోతాను.

దానికి జవాబు లాంటిది నాకు మరోచోట దొరికింది. అది చెప్పే ముందు మ్యూజియం సంగతి చెప్పాలి. సంవత్సరీకం అయిన నెలకి, ఒక శనివారం క్రోంపేటలో లోకల్ ఎక్కి ఎగ్మోర్‌లో దిగి, పాంథియన్ రోడ్డులో గవర్నమెంటు మ్యూజియంకి వెళ్లాను. అమరావతి శిల్పాల గదికి. చిన్నప్పుడు నాన్న తీసుకెళ్లి "ఇవి మన ఊళ్ల రాళ్లు తల్లీ" అని చూపించిన చోటు. అమరావతిలోని ధాన్యకటకం స్తూపాన్ని అక్కడివాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ సర్వేయరు దాన్ని 1790ల చివర్లో మొదటిసారి చూశాడు. అప్పటికే రాళ్లు ఊళ్లో కట్టడాలకి తరలిపోతున్నాయి, కొన్ని సున్నం బట్టీలకీ పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి మద్రాసు వచ్చాయి. వాటిలో చాలా భాగాన్ని 1859లో ఓడ ఎక్కించి లండన్ పంపారు. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో ఎన్నో ఇక్కడ ఉన్నాయి.

తొలికాలం పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం ఉంటుంది, దాని ముందు రెండు పాదముద్రలు, వెనక బోధివృక్షం. ఎందుకలా చెక్కారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అదే స్తూపం మీద తర్వాతికాలం రాళ్లలో ఆయన రూపం కూడా ఉంది. నేను చాలాసేపు నిలబడింది ఖాళీ ఆసనం ముందు. ఆసనం ఖాళీ. కానీ దాని చుట్టూ ఎంతమంది! చేతులు జోడించినవాళ్లు, మోకరిల్లినవాళ్లు, ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తున్నవాళ్లు. పల్నాటి రాయి మీద వేలెడంత జాగా కూడా వదల్లేదు. ఆ మొహాల్లో విరక్తి నాకు కనిపించలేదు. ఆ ఖాళీని నింపాలన్న ఆరాటం కూడా కనిపించలేదు. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగానే ఉంచి దాని చుట్టూ చేరారు.

ఇంటికొచ్చాక వెతుకుతుంటే సంయుక్తనికాయం అనే సుత్తాల సంకలనంలో ఆ సుత్తం దొరికింది. ముఖ్యశిష్యులు శారిపుత్రుడు, మౌద్గల్యాయనుడు ఇద్దరూ పోయిన కొద్దిరోజులకి బుద్ధుడు వజ్జిదేశంలో ఉక్కచేల దగ్గర, గంగ ఒడ్డున, ఆరుబయట కూర్చుని ఉంటాడు. మౌనంగా ఉన్న సంఘాన్ని ఒకసారి చూసి అంటాడు: శారిపుత్ర మౌద్గల్యాయనులు లేని ఈ సభ నాకు శూన్యంగా కనిపిస్తోంది. అదే మాట, సుఞ్ఞ! తర్వాత తనకి శోకం లేదని కూడా ఆ సుత్తం చెబుతుంది, దాన్ని దాచను. పుట్టినది చెదరకుండా ఉండదని కూడా చెబుతాడు. కానీ మొదట చెప్పింది సభ ఖాళీగా ఉందని. ఖాళీని చూసి లేదని అనలేదు. తనకి శోకం లేదన్న మాట కంటే ముందు, వాళ్లు లేరన్న సంగతిని అందరిముందూ ఒప్పుకున్నాడు. మా బాబాయి ఆ రోజు నా పక్కన కూర్చుని "మాస్టారు లేకపోతే ఇల్లు శూన్యంగా ఉందమ్మా" అని ఉంటే, ఆ ఒక్క మాటా ఉన్నదున్నట్టు బౌద్ధమే అయ్యుండేది.

మన పెద్దవాళ్లు పట్టూ విడుపూ ఉండాలంటారు. నేను పట్టు ఒక్కటే నేర్చుకున్నాను, తర్వాత భయపడి విడుపు ఒక్కటే పట్టుకున్నాను. ఈ మార్చిలో గడువు తేదీ వచ్చింది. యాప్ గుర్తు చేసింది. కట్టలేదు. ముందు పెరంబూరు వెళ్లి అమ్మతో చెప్పాను, ఆవిడ నన్ను తిడుతుందనే అనుకున్నాను.

"ఆ నంబరు నీకు నోటికొచ్చా?" అంది.

"వచ్చమ్మా."

"నాకూ వచ్చు. ఆ ఆటో అబ్బాయికీ వచ్చే ఉంటుంది." కాసేపు ఊరుకుని, "ఎవరికిస్తారో, మంచివాళ్లకిస్తే బావుణ్ణు. పాత పిల్లలెవరన్నా చేస్తే కసురుకోకుండా చెప్పాలి కదా" అంది.

నేను ఏడ్చాను. అమ్మ కూడా. తర్వాత ఆవిడ లేచి బీరువా తీసి, ఫోను బల్లమీద పెట్టింది. దానికి చుట్టిన రుమాలుని విప్పి, రెండేళ్ల తర్వాత మొదటిసారి సబ్బు పెట్టి ఉతికి, వరండాలో తీగమీద ఆరేసింది.